అరగదీసిన అచ్చు

లూయిస్టన్‌లో ఫిబ్రవరి అంటే
కిటికీకి సగం దాకా మంచు.
పక్కింటి పెటెంగిల్ బూట్లు విదుల్చుకుని వచ్చి
నా వంటగది బల్ల మీద ఒక ఉన్ని మేజోడు బోర్లిస్తాడు.
మేజోట్లోంచి బుల్లి బుల్లి కాగితపు కవర్లు,
కవరుకొకటి పెద్ద రాగి సెంటు.
ముప్పై ఏళ్ళు అడవుల్లో గొలుసు లాగి
భూములు కొలిచిన మనిషి,
ఇప్పుడు అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం కొలుస్తున్నాడు.

"చివరి ఏడు బొమ్మ రొమ్ముకి తగిలిందా, తగల్లేదా?
ఈ ఆకు మొన ఎస్ కిందకొచ్చిందా, దాటిపోయిందా?
కుడికొమ్మకి కాయలెన్ని, చూడు డెల్ఫీన్,
నా కళ్ళు నీళ్ళు కారుతున్నాయి."
కాఫీ పొంగుతుంటే ఒక చేత్తో దించి
ఇంకో చేత్తో లెక్కపెడతాను.
ఐదు. కాదు, ఆరు. ఆరోది మచ్చేమో.

ఆ రోజుల్లో ఫిలడెల్ఫియాలో
ఒక్కో అచ్చులో ఒక్కో అక్షరాన్నీ
విడిగా సుత్తితో దించేవాళ్ళట.
ఒకసారి చెయ్యి వాలుతుంది.
ఒకసారి బి తలకిందులుగా పడుతుంది.
వాడెవడో నాలుక కరుచుకుని
దాని మీదే సరైనది మళ్ళీ కొడతాడు.
అంతే, ఆ నాలుక కరుచుకోవడం దగ్గరే
పట్టుకుంటాం మనం ఆ అచ్చుని,
అంటాడు పెటెంగిల్, దొంగని పట్టినంత సంబరంగా.

వేసవిలో పచ్చజ్వరం ఊరి మీద పడితే
టంకశాలకి తాళం వేసేవారట.
చీకట్లో అచ్చులు తుప్పు పట్టేవి.
తుప్పు తిన్న గుంట నాణెం మీద బొడిపె.
ఉక్కు బీటవారిన చోట
నాణెం మీద సన్నని గట్టు.
ఈ సంగతి ఆయన చెప్పక్కర్లేదు నాకు.
నది అవతల ఆబర్న్‌లో, బూట్ల ఫ్యాక్టరీలో
ముప్పై ఒక్క ఏళ్ళు నేనూ అచ్చులతోనే బతికాను.
తోలు మీద అచ్చు పెట్టి, మర దించి, అరికాలు తీసి.
సాన పట్టిన ప్రతిసారీ
అచ్చు వెంట్రుకవాసి మారేది.
ఫోర్‌మన్ కొలబద్దకి అందేది కాదు.
నా బొటనవేలికి అందేది.

మొన్న గురువారం ఆయన తలుపు కొట్టలేదు,
తోసుకునే వచ్చాడు.
"కాయలకి తొడిమలు లేవు!
ఏ జాబితాలోనూ లేదిది!
ఎవరూ చూడని అచ్చు, డెల్ఫీన్!"
డెబ్బై తొమ్మిదేళ్ళ చెవులు ఎర్రబడిపోయాయి.
దీపం మెడ వంచి
నాణేన్ని గోటి మీద నెమ్మదిగా తిప్పాను.

చాలాసేపు చూశాను.
గడ్డం కింద నీడలాగా ఏదో ఆకు అంచు,
అక్కడ ఉండాల్సింది కాదు.
మధ్యలో రాగి పెట్టడం మరిచిపోయిన రోజు
పై అచ్చూ కింది అచ్చూ ఢీకొన్నాయి,
ఒకదాని ముద్ర ఒకదానికి అంటుకుంది.
ఆ మరక పోగొట్టాలని ఎవరో అరగదీశారు.
మరక పూర్తిగా పోలేదు.
లోతు లేనివి మాత్రం పోయాయి:
చెవి దగ్గర రెండు పోగుల జుట్టు,
తొడిమలు.

చెప్పాలా వద్దా అని
చక్కెర డబ్బా మూత రెండుసార్లు తీసి పెట్టాను.
"హార్లన్, ఇది కొత్తది కాదు.
నీ దగ్గరున్న నాలుగో కవరుదే.
ముసలిదైంది, సాన పట్టారు."

నాలుగో కవరు విప్పాడు.
రెండింటినీ పక్కపక్కన పెట్టాడు.
చివరి ఏడుకి అదే వంకర,
టి కాలికి అదే చీలిక.
బయట మంచు తోసే బండి
వీధి ఈ చివర నుంచి ఆ చివరకి పోయేదాకా
ఏమీ అనలేదు.

"ఆ సాన పట్టినవాడు," అన్నాడు చివరికి,
"చెయ్యి తిరిగినవాడేనా?"
"లేదు," అన్నాను, "తొందరలో ఉన్నాడు.
ఎడంవైపు ఎక్కువ నొక్కాడు."

పెన్సిల్ మొన నాలికకి తాకించుకుని
కవరు మీద వంకర అక్షరాలతో రాశాడు:
అదే అచ్చు, ఆఖరి దశ.
కింద ఇంకేదో రాసి, అరచెయ్యి అడ్డం పెట్టి,
మేజోట్లోకి తోసేశాడు.
కాఫీ చల్లారిందని గుర్తుచేశాను.
పర్లేదు, అలాగే ఇమ్మన్నాడు.